అది క్లౌడా, అద్దెకు తెచ్చిన కంప్యూటరా?

క్లుప్తంగా: క్లౌడ్ పేరుతో అమ్ముతున్న లెక్కల సాఫ్ట్‌వేర్లన్నీ ఒక్క రకం కావు. కొన్ని మొదటి నుంచీ ఇంటర్నెట్ కోసమే రాసినవి. కొన్ని పాత ఆఫీసు సాఫ్ట్‌వేర్‌నే దూరంగా ఉన్న యంత్రంలో పెట్టి అద్దెకిచ్చేవి. ఇంకొన్నింటిలో బ్యాకప్ ఒక్కటే క్లౌడ్‌కు వెళ్తుంది. అన్నీ ఏదో ఒక పనికి వచ్చేవే. చిక్కల్లా ఒకదాని పేరు చెప్పి మరొకటి అంటగట్టడంతోనే. యంత్రం ఎక్కడుందని అడిగితే ఈ తేడా తెలియదు, దాని చాకిరీ ఎవరు చేస్తున్నారని అడిగితే తెలుస్తుంది.

2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలును ముంచెత్తినప్పుడు దుకాణాల్లో సరుకుతో పాటు చిట్టా, ఆవర్జాలు కూడా నీళ్లపాలయ్యాయి. కంప్యూటర్‌లో లెక్కలు రాసుకున్నా ఆ వరదలో ఒరిగేదేమీ లేదు. డబ్బా బల్ల కిందే ఉంటుంది, బ్యాకప్ తీసిన పెన్‌డ్రైవ్ అదే బల్ల సొరుగులో ఉంటుంది. అందుకే "లెక్కలు క్లౌడ్‌లో పెడితే వరదొచ్చినా నిప్పంటుకున్నా భయం లేదు" అనే మాట ఈ ఊళ్లో ఇట్టే చెవికెక్కుతుంది. ఉల్లి మండీల నుంచి ఆదోని జిన్నింగ్ మిల్లుల దాకా, ఎర్రగుంట్ల సిమెంటు డీలర్ల నుంచి రాయదుర్గం రెడీమేడ్ దుస్తుల వ్యాపారుల దాకా ఇప్పుడు ప్రతి సాఫ్ట్‌వేర్ డీలరూ ఆ మాటతోనే మొదలుపెడుతున్నాడు. మాటలో తప్పు లేదు. ఆయన సంచిలో ఉన్న సరుకుకు అది వర్తిస్తుందా అన్నదే చూడాలి.

రెండు స్టార్ట్ బటన్లు

ముందుగా ఎక్కువగా అమ్ముడుపోయే రకాన్ని దగ్గరగా చూద్దాం. మండీలో గుమస్తా కంప్యూటర్ తెరుస్తాడు. తెర మీద మబ్బు బొమ్మతో ఒక ఐకాన్ ఉంటుంది. నొక్కితే యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అడిగే చిన్న కిటికీ వస్తుంది. దాని పైన చుక్కలతో విడదీసిన నాలుగు అంకెల గుంపులు కనిపిస్తాయి, అది దూరంగా ఉన్న యంత్రం చిరునామా. లోపలికి వెళ్తే మరో విండోస్ తెర తెరుచుకుంటుంది. ఇప్పుడు కింద రెండు స్టార్ట్ బటన్లు. ఒకటి బల్ల మీది కంప్యూటర్‌ది, రెండోది ఏ ముంబైలోనో ఉన్న కంప్యూటర్‌ది. ఆ రెండో తెర మీద పదేళ్లుగా వాడుతున్న పాత సాఫ్ట్‌వేరే, అవే రంగులతో, అవే షార్ట్‌కట్ కీలతో ప్రత్యక్షమవుతుంది.

దీని పేరు రిమోట్ డెస్క్‌టాప్. సాఫ్ట్‌వేర్ అక్కడెక్కడో నడుస్తుంది, దాని తెర బొమ్మ మాత్రం ఇక్కడికి వస్తుంది. ఇక్కడ నొక్కిన కీలు అక్కడికి వెళ్తాయి. సొంత కంప్యూటర్‌ను వేరే ఊళ్లో ఒక గదిలో పెట్టి, అక్కడి దాకా పొడవైన తీగ లాగినట్టు.

ఇందులో సౌకర్యం లేకపోలేదు. మిల్లు ఆదోనిలో, ఆఫీసు కర్నూలులో ఉన్న వ్యాపారికి రెండు చోట్లా ఒకే పుస్తకం తెరుచుకుంటుంది. ఆడిటర్ తన ఆఫీసులోనే కూర్చుని ఎంట్రీలు సరిచూసుకోవచ్చు. అలవాటైన సాఫ్ట్‌వేర్ కాబట్టి గుమస్తాకు కొత్తగా నేర్పే పని లేదు.

ఇబ్బందులు రోజువారీ పనిలో బయటపడతాయి. రైతు తక్‌పట్టీ (సరుకు అమ్మిన లెక్క చీటీ) కోసం నిలబడి ఉంటాడు. ప్రింట్ కొడితే ఆ ఆజ్ఞ దూరపు యంత్రంలో పుట్టి, తిరిగి ఈ బల్ల పక్కనున్న డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌ను వెతుక్కుంటూ రావాలి. మధ్యలో నెట్ ఒకసారి పడి లేచిందంటే ఆ దారి తెగిపోతుంది, ప్రింటర్ కనిపించడం లేదంటుంది. మళ్లీ లాగిన్ కాబోతే "ఈ యూజర్ ఇప్పటికే లోపల ఉన్నారు" అని అడ్డం తిరుగుతుంది. ఫోన్‌లో తెరిస్తే తెర మొత్తం గోరంత అవుతుంది, వేలితో బాణం గుర్తును ఈడ్చుకుంటూ తిరగాలి. నెలవారీ జీఎస్టీ రిటర్ను జీఎస్టీఆర్-3బి గడువు 20వ తేదీ కావడంతో ఆ ముందు రెండు రోజులూ అదే యంత్రాన్ని పంచుకుంటున్న మిగతా వ్యాపారులందరూ ఒకేసారి ఎక్కుతారు, తెర నత్తనడక నడుస్తుంది.

లైసెన్సు సంగతి చాలామంది అడగరు. విండోస్ సర్వర్‌లో నిర్వహణ పనుల కోసం ఇద్దరు మాత్రమే దూరం నుంచి లాగిన్ కావచ్చు. ఆ పైన వచ్చే వాడకందార్లకు విడిగా లైసెన్సులు కొనాలి. మరీ చవగ్గా ఇస్తానంటున్నవాళ్లు ఈ లైసెన్సులు కొన్నారా, లేక తాళం పగలగొట్టి పదిమందిని లోపలికి పంపుతున్నారా అన్నది తేల్చుకోవాల్సిన విషయమే. రిమోట్ డెస్క్‌టాప్ మామూలుగా వాడే 3389 నంబరు పోర్టును ఇంటర్నెట్‌కు బార్లా తెరిచి ఉంచడం, ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే ర్యాన్సమ్‌వేర్ ముఠాలకు బాగా తెలిసిన దారి. ఒకే యంత్రంలో పదిమంది లెక్కలున్నప్పుడు ఒకరి పాస్‌వర్డ్ బయటపడితే పదిమంది ఫైళ్లకూ తాళం పడే ప్రమాదం ఉంది.

జీమెయిల్‌కు కొత్త వెర్షన్ వేయించుకున్నదెవరు?

అసలైన క్లౌడ్ సాఫ్ట్‌వేర్ ఎలా ఉంటుందో చూడటానికి దూరం వెళ్లనక్కర్లేదు. బ్రౌజర్‌లో జీమెయిల్ తెరిచేవాళ్లెవరూ దానికి కొత్త వెర్షన్ వేయించుకోలేదు, అందుకోసం టెక్నీషియన్‌ను పిలవలేదు. మార్పులు వాటంతటవే వస్తాయి, అందరికీ వస్తాయి. లెక్కల రంగంలో జోహో బుక్స్ వంటివి ఈ పద్ధతిలో నడిచేవే.

లోపలి ఏర్పాటు ఇది. వేల మంది ఖాతాదారులకు ఒకే ప్రోగ్రామ్ ఉంటుంది. ఎవరి లెక్కలు వారివిగా డేటాబేస్‌లో గట్టి గోడలు కట్టి ఉంటాయి. ఒకచోట సరిచేస్తే అందరికీ సరైనట్టే. ఒక యంత్రం చెడిపోతే పని ఇంకో యంత్రం మీదికి మారుతుంది, వాడేవాళ్లకు ఆ సంగతి కూడా తెలియదు. ఆర్టీసీ బస్సు ఎక్కినట్టు: డీజిలు, టైరు, డ్రైవరు అన్నీ వాళ్ల బాధ్యత, టికెట్టు కొనడం వరకే మన పని. రిమోట్ డెస్క్‌టాప్ మాత్రం కారు అద్దెకు తీసుకుని సొంతంగా నడుపుకోవడం లాంటిది. కారు వాళ్లదే, పంక్చరైతే దిగాల్సింది మాత్రం అద్దెకు తీసుకున్నవాళ్లే.

దీని మీద అమ్మకందార్ల దగ్గర ఒక సిద్ధమైన జవాబు ఉంటుంది: "మా సర్వర్ అమెజాన్‌లో ఉంది సార్." అది నిజమే కావచ్చు. అమెజాన్ 2016లో ముంబైలో, 2022లో హైదరాబాద్‌లో క్లౌడ్ కేంద్రాలు తెరిచింది, ఎవరైనా అక్కడ ఒక యంత్రం అద్దెకు తీసుకోవచ్చు. అయితే ఆ అద్దె ఒప్పందంలో కట్టడం, కరెంటు, హార్డ్‌వేర్ వరకే అమెజాన్ చూసుకుంటుంది. దాని మీది విండోస్‌కు భద్రతా అప్‌డేట్లు వేయడం, బ్యాకప్ తీయడం, పాస్‌వర్డ్‌లు కాపాడటం అద్దెకు తీసుకున్నవారి పని. ఆ పని డీలర్ చేస్తున్నాడా, ఎవరూ చేయడం లేదా అన్నది అమెజాన్ పేరు వినగానే తెలిసిపోయేది కాదు. క్లౌడ్‌లో కూర్చున్న సాఫ్ట్‌వేర్ వేరు, క్లౌడ్ సాఫ్ట్‌వేర్ వేరు.

మిగిలిన రెండు రకాల గురించి రెండు మాటలు చాలు. ఒకదాంట్లో సాఫ్ట్‌వేర్, లెక్కలు రెండూ దుకాణంలోని కంప్యూటర్‌లోనే ఉంటాయి. రాత్రికి ఒక కాపీ గూగుల్ డ్రైవ్‌కు వెళ్తుంది. చిన్న దుకాణానికి ఇది చాలా మంచి ఏర్పాటు, కాకపోతే దాని పేరు బ్యాకప్. రెండో రకాన్ని పట్టుకోవడం కష్టం. బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది, ఫోన్‌లో చక్కగా కనిపిస్తుంది, రెండు స్టార్ట్ బటన్ల బెడద లేదు. వెనక ఉన్నది మాత్రం తయారీదారు ఆఫీసులోని ఒకే ఒక్క యంత్రం. ఆ ఆఫీసుకు కరెంటు పోతే అనంతపురం చీనీ (బత్తాయి) మండీలో బిల్లింగ్ ఆగుతుంది.

మాట ముందు పుట్టింది, కొలబద్ద తర్వాత వచ్చింది

సాఫ్ట్‌వేర్‌ను దూరం నుంచి అద్దెకివ్వడం కొత్తదేమీ కాదు. 1990ల చివర్లోనే అప్లికేషన్ సర్వీస్ ప్రొవైడర్ల పేరుతో కంపెనీలు పుట్టాయి. వాళ్లు చేసింది దాదాపు నేటి రిమోట్ డెస్క్‌టాప్ వ్యాపారమే: ఒక్కో ఖాతాదారుకు విడిగా ఒక్కో కాపీ. 1999లో మొదలైన అమెరికా సాఫ్ట్‌వేర్ కంపెనీ సేల్స్‌ఫోర్స్ ఒకే ప్రోగ్రామ్‌ను అందరికీ పంచే దారి పట్టింది. 2006లో అమెజాన్ యంత్రాలనే గంటల లెక్కన అద్దెకివ్వడం మొదలుపెట్టాక క్లౌడ్ అన్న మాట ఊపందుకుంది. 2008 నాటికి ఆ మాట ఎంత అరిగిపోయిందంటే, అందరూ చేస్తున్న పాత పనికే కొత్త పేరు తగిలిస్తున్నారని సాఫ్ట్‌వేర్ కంపెనీ ఒరాకిల్ అధిపతి లారీ ఎల్లిసన్ బహిరంగంగా ఎద్దేవా చేశారు. తర్వాత ఒరాకిల్ కూడా క్లౌడ్ బోర్డు పెట్టుకుందనుకోండి. పాత సరుకుకు ఈ రంగు పూయడాన్ని పరిశ్రమలో క్లౌడ్ వాషింగ్ అంటున్నారు.

2011లో అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ ఒక నిర్వచనం ఇచ్చింది. అందులో ఐదు లక్షణాలున్నాయి. వాటిలో మండీ బల్ల దగ్గరే పరీక్షించగలిగేది మొదటిది: ఎవరి సాయమూ అడగకుండా వాడేవారే కావలసినంత తీసుకోగలగాలి. ఆరో యూజర్‌ను చేర్చాలంటే తెర మీద ఒక బటన్ ఉందా? లేక ఫోన్ చేస్తే "రేపు మా వాడు చేస్తాడు సార్" అంటున్నారా? రెండోదైతే ఆ నిర్వచనం గడప దాటనట్టే. ఏ పరికరం నుంచైనా అందడం, వనరులను ఉమ్మడిగా పంచడం, రద్దీని బట్టి పెరగడం, వాడినంతకే కొలిచి లెక్కకట్టడం మిగతా నాలుగు.

సెప్టెంబరు 22 ఉదయం

అప్‌డేట్ ఎవరు చేస్తారన్న ప్రశ్న ఎంత బరువైనదో 2025 సెప్టెంబరు 22న తెలిసింది. ఆ రోజు నుంచి జీఎస్టీలో 12, 28 శాతం శ్లాబులు దాదాపుగా తొలగిపోయాయి. సిమెంటు 28 నుంచి 18 శాతానికి దిగింది. రెడీమేడ్ దుస్తుల్లో 5 శాతం పన్ను వర్తించే ధర హద్దు 1,000 రూపాయల నుంచి 2,500కు పెరిగింది, అది దాటితే 18 శాతం. ముందు రోజు రాత్రి ఎర్రగుంట్లలో బస్తాకు 28 శాతం వేసిన డీలరు తెల్లారి తొలి లోడుకు 18 వేయాలి. ముందే అమ్మి, వెనక్కి వచ్చిన సరుకుకు మాత్రం పాత రేటుతోనే క్రెడిట్ నోటు ఇవ్వాలి.

వస్తువుల జాబితాలో రేటు మార్చుకోవడం ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా వ్యాపారి చూసుకోవాల్సిందే. ధరను బట్టి రేటు మారే దుస్తుల వంటి వాటికి సాఫ్ట్‌వేర్ లోపలి నియమమే మారాలి. ఒకే ప్రోగ్రామ్ అందరికీ నడిచే చోట ఆ మార్పు ఒకసారి చేస్తే సరిపోతుంది. విడివిడి యంత్రాల్లో విడివిడి కాపీలున్న చోట డీలర్ మనిషి ఒక్కొక్కదాంట్లోకి వెళ్లి కొత్త రిలీజ్ వేయాలి. వందమంది ఖాతాదారులుంటే వందసార్లు. వరసలో తొంభయ్యో నంబరు ఎవరిదన్నది ఆ ఉదయం తేలుతుంది.

కాలిపోయిన క్లౌడ్‌లు

"క్లౌడ్‌లో ఉంటే పోదు" అన్న నమ్మకానికి ఎదురు సాక్ష్యాలు లోకంలో చాలానే ఉన్నాయి. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ డేటా కేంద్రం ఒకటి తగలబడిపోయింది. అక్కడ సర్వర్లు అద్దెకు తీసుకున్న చాలామందికి వేరే చోట బ్యాకప్ లేదని ఆ తర్వాతే తెలిసింది. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని దేజాన్‌లో ప్రభుత్వ డేటా కేంద్రంలో మంటలు లేచి, ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్ అనే క్లౌడ్ వ్యవస్థ నుంచి 858 టెరాబైట్లు బుగ్గయ్యాయి. అంత పెద్దదానికి బయట బ్యాకప్ పెట్టనే లేదు. సొరుగులో పెన్‌డ్రైవ్ పెట్టిన కర్నూలు దుకాణానికీ దానికీ తేడా సైజులోనే ఉంది.

ఇంకో వైపు కూడా చూడాలి. 2024 మేలో ఆస్ట్రేలియా పింఛను నిధి యూనిసూపర్ వాడుతున్న క్లౌడ్ వ్యవస్థ గూగుల్ క్లౌడ్ వైపు జరిగిన పొరపాటుతో చెరిగిపోయింది. అది గూగుల్ అంతటి సంస్థ నడిపే క్లౌడే. విడిగా పెట్టుకున్న బ్యాకప్‌లు ఉండబట్టి వాళ్లు బయటపడ్డారు. అంటే పెద్ద సంస్థ క్లౌడ్ కొన్నంత మాత్రాన సొంత కాపీ అవసరం తీరిపోదు.

పాత సరుకుకు కొత్త పేరు ఎందుకు?

అమ్మేవారి లెక్క చూస్తే ఇందులో వింతేమీ లేదు. ఒక్కసారి లైసెన్సు అమ్మితే డబ్బు ఒక్కసారే వస్తుంది, తర్వాత ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) కోసం ఏటా బతిమాలుకోవాలి. క్లౌడ్ అంటే నెలనెలా చందా. కానీ పాతికేళ్ల కిందట ఆఫీసు కంప్యూటర్ కోసం రాసిన ప్రోగ్రామ్‌ను బ్రౌజర్ కోసం మళ్లీ రాయడానికి ఏళ్లు పడుతుంది. దాన్నే ఒక అద్దె యంత్రంలో పెట్టి మబ్బు ఐకాన్ తగిలించడానికి ఒక పూట చాలు. స్థానిక డీలరుకు కూడా ఇదే అనుకూలం: ఖాతాదారులకు తెలిసిన సాఫ్ట్‌వేర్ అదే, శిక్షణ ఖర్చు లేదు, కమీషన్ ప్రతి ఏడూ వస్తుంది. కొనేవారికి మాత్రం చందా క్లౌడ్ లెక్కన పడుతుంది, చాకిరీ పాత లెక్కనే మిగులుతుంది. కొన్నిచోట్ల సాఫ్ట్‌వేర్ లైసెన్సు కూడా విడిగా కొనాల్సి వస్తుంది.

చట్టం అడిగేది వేరు

"ఇక నుంచి క్లౌడ్ లేకపోతే జీఎస్టీ వాళ్లు ఒప్పుకోరు" అన్న మాట కూడా అమ్మకాల్లో వినిపిస్తుంది. అలాంటి నిబంధన లేదు. ఈ-ఇన్‌వాయిస్ 5 కోట్ల రూపాయల టర్నోవరు దాటినవారికి 2023 ఆగస్టు 1 నుంచి తప్పనిసరి అయింది, దాన్ని దుకాణంలోని కంప్యూటర్ నుంచి కూడా తీయవచ్చు. ఎంట్రీలు ఎవరు ఎప్పుడు మార్చారో చెరపడానికి వీల్లేకుండా నమోదయ్యే ఆడిట్ ట్రెయిల్ నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి ఉంది, కానీ అది కంపెనీల చట్టం కింద నమోదైన కంపెనీలకు. మండీల్లో ఎక్కువగా కనిపించే సొంత యాజమాన్య, భాగస్వామ్య దుకాణాలకు అది వర్తించదు.

చట్టం నిజంగా అడిగేది మరొకటి, దాన్ని ఎవరూ బ్రోచర్‌లో వేయరు. వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల పాటు లెక్కలు భద్రపరచాలని జీఎస్టీ చట్టం 36వ సెక్షన్ చెబుతోంది. కంప్యూటర్ లెక్కలైతే ప్రమాదం వల్లో ప్రకృతి వైపరీత్యం వల్లో నాశనమైనా తగిన సమయంలో తిరిగి తీసేలా బ్యాకప్ ఉంచాలని 57వ నిబంధన చెబుతోంది. ఈ బాధ్యత వ్యాపారిది, సాఫ్ట్‌వేర్ డీలరుది కాదు. ఆరేళ్ల లెక్కలు చూపమని నోటీసు వచ్చిన రోజున, రెండేళ్ల కిందట చందా మానేసిన సర్వర్‌లోని ఫైళ్ల సంగతి ఏమిటన్నది ఇక్కడ అసలు ప్రశ్న. చందా ఆగిన కొద్ది రోజులకే అద్దె యంత్రాన్ని చెరిపేసి ఇంకొకరికి ఇచ్చేయడం ఈ వ్యాపారంలో మామూలే.

తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. అయితే వ్యాపార అవసరం కోసం కొన్నవారిని ఆ చట్టం వినియోగదారుగా లెక్కించదు. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే వాడుకునేవారికి మినహాయింపు ఉంది. తానే బిల్లు రాసుకునే చిన్న దుకాణదారు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. ఇరవై మంది గుమస్తాలున్న మిల్లుకు ఆ దారి దొరకడం కష్టం.

సంతకానికి ముందు

డెమో చూపించేటప్పుడు డీలర్ తెచ్చిన లాప్‌టాప్‌ను పక్కన పెట్టమని, దుకాణంలోని ఏదో ఒక ఫోన్‌లో బ్రౌజర్ తెరిచి లాగిన్ అవ్వమని అడిగితే సగం విషయం తేలిపోతుంది. మిగతా సగం బ్యాకప్‌తో తేలుతుంది. "బ్యాకప్ రోజూ అవుతుందా" అని అడగకూడదు, అవుననే అంటారు. నిన్నటి బ్యాకప్‌ను ఒక ఖాళీ కంప్యూటర్ మీద తెరిచి, నిన్న సాయంత్రం ముగింపు నిల్వ చూపించమనాలి. మొత్తం లెక్కలను ఎక్సెల్‌లోనో, మరో సాఫ్ట్‌వేర్ చదవగలిగే రూపంలోనో ఎవరి సాయం లేకుండా దించుకునే వీలుందా అన్నది కూడా అప్పుడే చూడాలి. సంస్థ నమోదైన కంపెనీ అయితే, లెక్కలు విదేశీ సర్వర్లలో ఉన్నా రోజువారీ బ్యాకప్ దేశంలోని సర్వర్‌లో ఉండాలన్న 2022 నాటి నిబంధన ఉంది కాబట్టి డేటా ఎక్కడుంటుందో రాసివ్వమనాలి.

ఒప్పందంలో సేవ 99.9 శాతం సమయం ఆగకుండా నడుస్తుందని ఘనంగా రాసి ఉంటే, 30 రోజుల నెలలో 43 నిమిషాలు ఆగిపోయినా మాట తప్పనట్టే. 99 శాతమైతే ఏడు గంటలు దాటుతుంది, ఒక మార్కెట్ రోజు మొత్తం. అంతకు మించి ఆగినా సాధారణంగా వచ్చేది ఆ నెల చందాలో కొంత తగ్గింపే, పోయిన బేరం కాదు. నెట్ తరచూ పడిపోయే చోట ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి, కంప్యూటర్‌లోనే నడిచే సాఫ్ట్‌వేర్‌తో పాటు రాత్రికి ఒక కాపీ బయటికి పంపుకోవడమే మేలు కావచ్చు. దాన్ని క్లౌడ్ అనకపోయినా వచ్చే నష్టమేమీ లేదు.

చివరికి బిల్లు. బ్రోచర్‌లో ఏం రాసినా, డబ్బు కట్టాక ఇచ్చే ట్యాక్స్ ఇన్‌వాయిస్‌లో సేవ పేరు, దాని కోడ్ వేస్తారు. సాఫ్ట్‌వేర్ వాడుకునే హక్కుకు 997331, హోస్టింగ్‌కు, సర్వర్ల వంటి మౌలిక వసతులు సమకూర్చడానికి 998315. కొందరు తోచిన కోడ్ వేస్తారు కాబట్టి దీన్నే తుది రుజువుగా పట్టుకోకూడదు. అయినా "క్లౌడ్ అకౌంటింగ్" అని కొన్నదానికి బిల్లులో "విండోస్ వీపీఎస్, 5 యూజర్లు, 12 నెలలు" అని, అంటే అద్దె సర్వర్ అని వస్తే, ఆ కాగితాన్ని బ్రోచర్ పక్కన పెట్టి మళ్లీ డీలరుకు ఫోన్ చేయడానికి అది చాలు. ప్రొఫార్మా ఇన్‌వాయిస్ (ముసాయిదా బిల్లు) ముందే తెప్పించుకుంటే ఆ ఫోన్ డబ్బు కట్టక ముందే చేయవచ్చు.